ఫిట్స్ గోలీలు మొదలుపెట్టి 16 రోజులు. ఒళ్లంతా ఎర్ర మచ్చలు, నోట్లో పుండ్లు. ఇది అమ్మవారేనా?

దేవరకొండ_అక్క
మంగళవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర పల్లె. మా తమ్ముడికి 24 ఏళ్లు, వరి కోత మిషన్ నడుపుతాడు. పోయిన నెల పొలంలోనే ఫిట్స్ వచ్చి పడిపోయాడు, నాలుగు రోజులకు ఇంట్లో మళ్లీ వచ్చింది. స్కాన్ తీస్తే మెదడులో చిన్న గడ్డలాగా ఉందన్నారు, పురుగు గుడ్డు కడుపులోకి పోతే ఇలా వస్తుందట, మందులతో తగ్గుతుందన్నారు. ఫిట్స్‌కు కార్బమాజెపైన్ 200 పొద్దున ఒకటి రాత్రి ఒకటి రాశారు. ఫిట్స్ అయితే మళ్లీ రాలేదు. ఇవాళ్టికి 16 రోజులు.

ఆదివారం నుంచి జ్వరం, కళ్లు ఎర్రబడ్డాయి, గొంతు మంట. నిన్న ఛాతీ మీద, వీపు మీద ఎర్ర మచ్చలు తేలాయి. మా నాయనమ్మ చూసి అమ్మవారు పోసిందని మంచం చుట్టూ వేపమండలు పెట్టింది, ఇంట్లో పోపు కూడా వేయనివ్వడం లేదు. ఊళ్లో ఆర్ఎంపీ వచ్చి వేడి చేసిందని సూది వేసి పోయాడు. ఇవాళ సాయంత్రం నుంచి పెదాలు వాచి పగిలాయి, ఉమ్మి కూడా మింగలేకపోతున్నాడు, మచ్చలు నడుమ కమిలినట్టు నల్లబడుతున్నాయి, చెయ్యి తగిలితే మంట అంటున్నాడు. రాత్రి గోలీ వేయాలా వద్దా? వేయకపోతే ఫిట్స్ వస్తాయేమోనని భయం. పొద్దున బస్సుకు తీసుకుపోదామని నాన్న అంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి.

నల్గొండ_నర్సు
మంగళవారం, రాత్రి 9:19

అక్కా, పొద్దున దాకా ఆగొద్దు. ఇప్పుడే 108కి ఫోన్ చేయండి, లేదా ఊళ్లో కారు ఉంటే మాట్లాడుకొని జిల్లా ఆసుపత్రి క్యాజువాలిటీకి బయలుదేరండి. నేను 11 ఏళ్లుగా వార్డులో పని చేస్తున్నాను, మీరు రాసింది చదువుతుంటే ఇది గోలీ పడక వచ్చిన రియాక్షన్ లాగానే ఉంది. ఫిట్స్ గోలీ కొత్తగా మొదలుపెట్టిన మొదటి రెండు నెలల్లో జ్వరం, మచ్చలు, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం అన్నీ కలిసి వచ్చాయంటే ఎమర్జెన్సీ కిందే లెక్క.

రాత్రి కార్బమాజెపైన్ వేయకండి. అయితే ఫిట్స్ మందే లేకుండా ఇంట్లో పడుకోబెట్టకండి, ఆసుపత్రిలో దాని బదులు వేరే మందు సెలైన్‌లో ఎక్కిస్తారు. వెళ్తూ గోలీల షీటు, డాక్టర్ చీటీ, ఆర్ఎంపీ వేసిన సూది పేరు, స్కాన్ కాగితాలు అన్నీ సంచిలో వేసుకోండి. గోలీ రాసిన డాక్టర్‌కు దారిలో ఫోన్ చేయండి.

ఒక మాట అడుగుతాను. మూత్రం పోసేటప్పుడు మంట ఉందా? కళ్లు తెరవడానికి ఇబ్బంది పడుతున్నాడా?

దేవరకొండ_అక్క
మంగళవారం, రాత్రి 9:31

మూత్రం మంట ఉందట, సిగ్గుపడి పొద్దటి నుంచి చెప్పలేదు. కళ్లు పుసులు కట్టి అంటుకుంటున్నాయి. నాన్న ఒప్పుకున్నాడు గానీ నాయనమ్మ ఏడుస్తోంది. అమ్మవారు ఒంటి మీద ఉండగా గడప దాటిస్తే ఆమెకు కోపం వస్తుంది, చూపు తీసుకుపోతుంది అంటోంది.

పాలమూరు_కొడుకు
మంగళవారం, రాత్రి 9:36

చెల్లె, దయచేసి ఇప్పుడే బయలుదేరు. మా అమ్మకు ఆరేళ్ల కింద ఫెనిటాయిన్ అనే ఇంకో ఫిట్స్ గోలీ వేస్తే అచ్చం ఇట్లనే అయింది, మేము కూడా అమ్మవారే అనుకొని మూడు రోజులు వేపాకు మీద పడుకోబెట్టినం. మూడో రోజు పొద్దున లేపుదామని పక్కకు తిప్పితే వీపు తోలు తడిసిన కాగితంలాగ దుప్పటికి అంటుకొని వచ్చింది. అది నా కళ్లతో చూసినా, ఇప్పటికీ మర్చిపోలేదు. ప్రాణం దక్కింది గానీ చూపు సగం పోయింది. చూపు తీసింది అమ్మవారు కాదు, మేము ఆగిన ఆ మూడు రోజులు. మీ నాయనమ్మకు ఈ మాట చదివి వినిపించు.

నల్గొండ_నర్సు
మంగళవారం, రాత్రి 9:38

అక్కా, నాయనమ్మను కసురుకోవద్దు, ఆమె ప్రేమతోనే చేస్తోంది. వేపమండ ఒకటి చేతిలో పట్టుకొని ఆమెను కూడా బండి ఎక్కమనండి. అమ్మవారు పోస్తే నీళ్ల పొక్కులు వస్తాయి, దురద ఉంటుంది, కొన్ని ఎండుతుంటే కొన్ని కొత్తగా లేస్తుంటాయి. మీ తమ్ముడికి దురద కాదు, మంట. మచ్చలు నల్లగా కములుతున్నాయి, పెదాలు, కళ్లు, మూత్ర ద్వారం మూడూ పుండ్లు పడ్డాయి. తేడా అక్కడే ఉంది. దారిలో ఒంటికి నూనె, పసుపు, పౌడర్ ఏమీ రాయొద్దు. ఉతికిన పాత నూలు ధోవతి కప్పండి చాలు. తోలు లేస్తోందా అని వేలితో రుద్ది చూడకండి.

దేవరకొండ_అక్క
మంగళవారం, రాత్రి 9:52

కారు వచ్చింది. బయలుదేరుతున్నాం.

దేవరకొండ_అక్క
శుక్రవారం, మధ్యాహ్నం 2:20

ఇప్పుడే కాస్త తీరిక దొరికింది. ఆ రాత్రి నల్గొండలో చూసిన డాక్టర్ గోలీల షీటు చేతికి తీసుకోగానే అర్థం చేసుకున్నాడు, సెలైన్ పెట్టి తెల్లవారకముందే అంబులెన్స్‌లో హైదరాబాద్ పంపించారు. స్టీవెన్స్ జాన్సన్ అన్నారు, రెండో రోజుకు అంతకంటే కొంచెం ఎక్కువగా ఉంది, ఒంటి మీద 12 శాతం తోలు పోయిందన్నారు. కార్బమాజెపైన్ ఆపి లెవెటిరాసెటమ్ ఎక్కిస్తున్నారు, ఫిట్స్ రాలేదు.

చేరిన రోజే కంటి డాక్టర్ వచ్చి చూశారు. కాన్పుల్లో దానంగా ఇచ్చిన మాయ నుంచి తీసిన పలుచటి పొర ఉంటుందట, దాన్ని రెండు కళ్ల మీదా అతికించారు. రెండు గంటలకోసారి సిస్టర్ వచ్చి తడి దూదితో రెప్పలు తుడిచి చుక్కలు వేస్తోంది, తుడిచినప్పుడల్లా వాడు నా చెయ్యి పట్టుకొని గట్టిగా నొక్కుతున్నాడు. మాట్లాడలేడు, పెదాల మీద నల్లటి చెక్కు కట్టింది. ముక్కులో గొట్టం వేసి జావ, పాలు పోస్తున్నారు. డాక్టర్లు ఇంకో నాలుగు రోజులు గడవాలన్నారు. మీరు ఆ రాత్రి చెప్పకపోతే మేము పొద్దుటి బస్సు కోసం కూర్చునేవాళ్లం.

నాకు అర్థం కానిది ఒకటి ఉంది. ఫిట్స్ ఆపిన గోలీయే ఒంటిని ఇలా కాల్చేస్తుందా? ముందే తెలుసుకునే దారి లేదా?

నాగర్‌కర్నూల్_డాక్టరమ్మ
శుక్రవారం, రాత్రి 8:05

నేను చర్మవ్యాధుల్లో పీజీ చేస్తున్నాను, తెలిసినంత వరకు చెబుతాను. మందు తేడా చేయలేదు, మోతాదు ఎక్కువై విషం కాలేదు. కొందరి ఒంట్లో రక్షణ కణాలు ఈ మందును చూసి పొరబడి సొంత తోలు కణాల మీదే పడతాయి. 1922లో స్టీవెన్స్, జాన్సన్ అనే ఇద్దరు అమెరికా పిల్లల డాక్టర్లు ఈ లక్షణాల గురించి రాశారు, అందుకే ఆ పేరు. తోలు 10 శాతం లోపు పోతే స్టీవెన్స్ జాన్సన్, 30 శాతం దాటితే టెన్ (టాక్సిక్ ఎపిడర్మల్ నెక్రోలిసిస్) అంటాం, మీ తమ్ముడిది నడుమ మెట్టు. మొదటి దాంట్లో నూటికి 5 నుంచి 10 మంది, టెన్‌లో 30 మంది దాకా ప్రాణాలు పోతాయి, కాబట్టి మీరు ఆ రాత్రి బయలుదేరడం చిన్న విషయం కాదమ్మా.

ముందే తెలుసుకునే దారి గురించి అడిగారు. కార్బమాజెపైన్ వరకు ఒక దారి ఉంది. 2004లో తైవాన్ పరిశోధకులు ఈ రియాక్షన్ వచ్చినవాళ్లలో హెచ్ఎల్ఏ-బి 1502 అనే జన్యువు ఉందని కనిపెట్టారు. 2007లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఆసియా మూలాలున్నవాళ్లకు కార్బమాజెపైన్ మొదలుపెట్టే ముందు ఈ రక్త పరీక్ష చేయాలని సూచించింది. మన దేశంలో చేసిన చిన్న అధ్యయనంలో కూడా ఇదే సంబంధం కనిపించింది. హైదరాబాద్ పెద్ద ల్యాబుల్లో చేస్తారు, జీవితంలో ఒక్కసారి చేస్తే చాలు. ఆ జన్యువు ఉంటే ఈ మందు జోలికి పోకూడదు. లేదని వచ్చినా పూర్తిగా భయం లేదని కాదు, వేరే జన్యువులతోనూ, వేరే మందులతోనూ రియాక్షన్ రావచ్చు.

ఇంకో ముఖ్యమైన మాట. ఈ జన్యువు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. మీరూ అదే తల్లి బిడ్డ. రేపు మీకో మీ పిల్లలకో ఎవరైనా ఈ మందు రాస్తే తమ్ముడి సంగతి తప్పకుండా చెప్పండి.

కల్వకుర్తి_88
శుక్రవారం, రాత్రి 9:40

అందుకే నేను మొదటి నుంచీ చెబుతున్నా, ఈ ఇంగ్లీష్ గోలీలు వద్దు, మా దగ్గర ఫిట్స్‌కు ముక్కులో పసరు పోసేవాళ్లు ఉన్నారు, మూడు ఆదివారాలు పోస్తే తగ్గిపోతుంది, మా బంధువులకు తగ్గింది.

హాలియా_రైతు
శుక్రవారం, రాత్రి 10:15

తమ్ముడూ, నీ మీద కోపంతో కాదు, మా ఇంట్లో జరిగింది చెబుతున్నా. మా చిన్నాయనకు ఎనిమిదేళ్లు గోలీలతో ఫిట్స్ లేవు. వేసవిలో ఒంటి మీద కాస్త దురద వస్తే ఎవరో గోలీల వేడి అన్నారు, ఆయన ఎవరికీ చెప్పకుండా అన్నీ ఒకేసారి ఆపి పసరుకు పోయాడు. తొమ్మిదో రోజు మోటారు వేయడానికి పోయి బావి దగ్గర ఫిట్స్ వచ్చి నీళ్లలో పడ్డాడు. శవాన్ని నేనే పైకి తీశాను. ఆ దురద చెమటకాయలదని తర్వాత తెలిసింది. గోలీ పడకపోతే మార్చాలి, మార్చేది డాక్టర్. ముక్కులో పసరు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉంది. ఇది చదివేవాళ్లు ఎవరూ గోలీలు ఆపకండి, నా మాట వినండి.

మందుల_షాపు_జడ్చర్ల
శుక్రవారం, రాత్రి 11:02

రైతన్న చెప్పింది నిజం. రెండు వైపులా ప్రమాదం ఉంది కాబట్టి ఎక్కడ ఏది చేయాలో తెలిసి ఉండాలి. మచ్చలు మాత్రమే ఉండి జ్వరం లేకుండా, నోరు కళ్లు బాగుంటే అదే రోజు డాక్టర్‌కు ఫోన్ చేసి చూపించాలి. కార్బమాజెపైన్, లామోట్రిజిన్ లాంటివి వేసుకున్నవాళ్లలో నూటికి 5 నుంచి 10 మందికి మామూలు దద్దుర్లు వస్తాయి, వాళ్లలో చాలామందికి మందు మార్చగానే తగ్గిపోతాయి. జ్వరం, ముఖం వాపు, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం, బొబ్బలు, మెడ దగ్గర గడ్డలు, కళ్లు పచ్చబడటం, వీటిలో ఏ ఒక్కటి తోడైనా ఫోన్‌తో సరిపెట్టుకోవద్దు, నేరుగా ఆసుపత్రికే. ముఖం వాచి గడ్డలు కట్టే రకం డ్రెస్ అనే వేరే రియాక్షన్, అది రెండు నుంచి ఎనిమిది వారాల్లో వస్తుంది, లివర్ దెబ్బతింటుంది. పైన దద్దుర్లతో పాటు లోపల కూడా ముదురుతుంది.

దేవరకొండ అక్కకు ఒక విన్నపం. కార్బమాజెపైన్ అనేది మందు పేరు. టెగ్రిటాల్, మాజెటాల్, జెన్ రిటార్డ్ అని డబ్బా మీద ఏ పేరున్నా లోపల అదే మందు. మీరు ఒక బ్రాండ్ పేరు గుర్తుపెట్టుకొని ఇంకో బ్రాండ్ వేస్తే మళ్లీ అదే జరుగుతుంది, ఈసారి ఇంకా తొందరగా. పైగా ఇది ఫిట్స్‌కే కాదు, ముఖం నరాల నొప్పికి కూడా రాస్తారు. పదేళ్ల తర్వాత దవడ నొప్పి అని పోతే అక్కడి డాక్టర్‌కు పాత సంగతి తెలియదు కదా. అందుకే మీరే చెప్పాలి.

దీని చుట్టాలు కూడా ఉన్నాయి. ఫెనిటాయిన్, ఫినోబార్బిటాల్, ఆక్స్‌కార్బజెపైన్, లామోట్రిజిన్. వీటన్నింటి నిర్మాణంలో ఒకే రకం వలయం ఉంటుంది, ఒకటి పడనివాళ్లలో చాలామందికి ఇంకోటి కూడా పడదు. అందుకే అక్కడ వీటి జోలికి పోకుండా లెవెటిరాసెటమ్ ఇచ్చారు.

వనపర్తి_అమ్మ
శనివారం, ఉదయం 6:48

మా పాపకు 13 ఏళ్లు, లామోట్రిజిన్ మొదలుపెట్టినప్పుడు డాక్టర్ చాలా కొంచెం కొంచెంగా పెంచమన్నాడు, అప్పటికే వాల్‌ప్రోయేట్ వేసుకుంటోంది కాబట్టి ఇంకా నెమ్మదిగా అన్నాడు. రెండు నెలలు పట్టింది పూర్తి మోతాదుకు రావడానికి. నాకు విసుగు వచ్చి ఎందుకింత ఆలస్యం అని అడిగాను కూడా. తర్వాత దసరాకు మా అమ్మగారి ఊరికి పోయినప్పుడు గోలీలు మరిచిపోయాను, అక్కడ దొరకలేదు, ఎనిమిది రోజులు గడిచిపోయాయి. ఇంటికి రాగానే పాత మోతాదే వేసేశాను. నాలుగో రోజు మెడ మీద, చేతుల మీద దద్దుర్లు. మా అత్తమ్మ వంకాయ తిన్నది అందుకే దురద అన్నది, నేనూ అదే అనుకొని రెండు రోజులు పథ్యం పెట్టాను. మూడో రోజు పెదవి లోపల చిన్న పుండు కనిపిస్తే భయపడి పరిగెత్తాం. అక్కడితో ఆగింది, దేవుడి దయ. తప్పు నాదే అని ఇప్పటికీ మనసులో పీకుతుంది.

మందుల_షాపు_జడ్చర్ల
శనివారం, ఉదయం 7:30

అమ్మా, అది మీకు ఎవరో ఒకరు ముందే చెప్పాల్సింది, షాపులో గోలీలు ఇచ్చేవాళ్లు కూడా. లామోట్రిజిన్ ఐదు రోజులకు మించి తప్పితే పాత మోతాదు వేయకూడదు, డాక్టర్‌ను అడిగి మళ్లీ చిన్న మోతాదు నుంచి ఎక్కాలి. వాల్‌ప్రోయేట్ తోడుంటే లామోట్రిజిన్ ఒంట్లోంచి తొందరగా పోదు, రక్తంలో దాదాపు రెట్టింపు నిలుస్తుంది, అందుకే మీ డాక్టర్ అంత నెమ్మదిగా పెంచింది. నేను ఇప్పుడు ఈ గోలీ ఇచ్చే ప్రతి ఒక్కరికీ డబ్బా మీద పెన్నుతో రాసి ఇస్తున్నాను, ఐదు రోజులు తప్పితే ఫోన్ చేయండి అని. మొదటి రెండు మూడు నెలలు కొత్త సబ్బు, కొత్త క్రీము, ఎన్నడూ తినని తిండి మొదలుపెట్టకపోతే ఇంకా మంచిది, దద్దు లేస్తే దేనివల్లనో తెలుస్తుంది.

వనపర్తి_అమ్మ
శనివారం, ఉదయం 7:41

ఇప్పుడు లామోట్రిజిన్ పూర్తిగా ఆపి వాల్‌ప్రోయేట్ ఒక్కటే ఇస్తున్నారు. అది తోలుకు మంచిదే కదా?

నల్గొండ_నర్సు
శనివారం, ఉదయం 8:10

తోలుకు దాని నుంచి ముప్పు తక్కువే అమ్మా. కానీ పాపకు 13 ఏళ్లు అన్నారు, రేపు పెళ్లి వయసు వచ్చేనాటికి వాల్‌ప్రోయేట్ మీద ఉండటం మంచిది కాదు, గర్భంలో బిడ్డకు వెన్నెముక లోపాలు, చదువులో వెనకబడటం లాంటివి వచ్చే ముప్పు ఉంది. ఇప్పుడే ఆపొద్దు, వచ్చేసారి చూపించినప్పుడు డాక్టర్‌ను ఈ ప్రశ్న గట్టిగా అడగండి. ఆడపిల్ల అని చెప్పి అడగండి.

పాలమూరు_కొడుకు
శనివారం, రాత్రి 9:25

దేవరకొండ చెల్లెకు కళ్ల గురించి చెప్పాలె. తోలు మూడు నాలుగు వారాల్లో మానుతది, కళ్ల పని అక్కడితో అయిపోదు. మా అమ్మకు తోలు మానినంక అందరం సంతోషపడి కంటి డాక్టర్ దగ్గరికి పోవుడు బంద్ చేసినం. ఏడాదికి రెప్ప లోపలి అంచు గరుకు తేలి, రెప్ప కొట్టినప్పుడల్లా నల్లగుడ్డును గీకుకుంట పోయింది. కన్నీళ్లు ఎండిపోయినయి, ఉల్లిగడ్డ కోసినా నీళ్లు రావు ఆమెకు. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో పెదవి లోపలి పొర కొంచెం తీసి రెప్ప అంచుకు అతికించిన్రు, అప్పటి నుంచి గీకుడు ఆగింది, ఉన్న చూపు నిలిచింది. అది మొదటి ఏడాదే చేసుంటే ఎంత బాగుండేదో. మీ తమ్ముడికి కళ్లు బాగున్నాయన్నా సరే, రెండేళ్ల దాకా చూపిస్తూనే ఉండండి.

మందుల_షాపు_జడ్చర్ల
ఆదివారం, ఉదయం 10:05

ఇంకొక పని ఉంది అక్కా, మీకు తీరిక దొరికినప్పుడు. మందు వల్ల ఇలా జరిగితే కేంద్ర ప్రభుత్వానికి చెప్పే ఏర్పాటు 2010 నుంచి ఉంది. 1800-180-3024కు ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. రోగులు నింపే ఫారం తెలుగులో కూడా ఉంది. అది ఎవరి మీదా కేసు కాదు. ఏ మందుతో ఎక్కడ ఎంతమందికి ఇలా అవుతోందో లెక్క తెలిస్తేనే కదా రేపు మన దగ్గర పరీక్ష చేయకుండా ఈ గోలీ రాయొద్దనే మాట వచ్చేది.

దేవరకొండ_అక్క
ఏడు వారాల తర్వాత, సోమవారం, సాయంత్రం 6:30

ఆలస్యమైంది, క్షమించండి. తమ్ముడిని 19 రోజులకు ఇంటికి పంపించారు. కొత్త తోలు వచ్చింది, వీపంతా ఇంకా నల్ల మచ్చలే, ఎండకు పోవద్దన్నారు. చేతి గోళ్లు ఆరు ఊడిపోయాయి, అడుగున లేతగా కొత్తవి వస్తున్నాయి, రోజూ చూసుకుంటూ మురిసిపోతున్నాడు. చూపు బాగుంది, పొద్దున లేవగానే కళ్లలో ఇసుక పడ్డట్టు ఉంటుందట, రోజుకు ఆరుసార్లు చుక్కలు. పాలమూరు అన్న చెప్పినట్టే కంటి డాక్టర్ దగ్గరికి నెలనెలా పోతున్నాం. ఫిట్స్ రాలేదు. కోత మిషన్ ఇప్పుడప్పుడే ఎక్కొద్దన్నారు, దానికే కొంచెం దిగులుగా ఉన్నాడు, ప్రస్తుతం రిపేరు పని చూసుకుంటున్నాడు.

ఆ నంబరుకు ఫోన్ చేసి వివరాలన్నీ చెప్పాను. నాయనమ్మ పోయిన వారం ఆర్ఎంపీ మోకాలి నొప్పికి గోలీ ఇస్తే, ఇందులో ఏముందో కాగితం మీద రాసివ్వు నాయనా, మనవరాలికి చూపిస్తా అన్నదట.

తమ్ముడి పర్సులో, నాన్న ఫోన్ కవరులో, ఇంట్లో దేవుడి పటం వెనక తలా ఒక చీటీ పెట్టాను, ప్లాస్టిక్ అతికించి. అందులో ఇలా రాసి ఉంది, కావాలంటే మీరూ రాసుకోండి:

"నాకు ఫిట్స్ ఉన్నాయి. కార్బమాజెపైన్ 16వ రోజున స్టీవెన్స్ జాన్సన్ రియాక్షన్ వచ్చింది. కార్బమాజెపైన్, ఆక్స్‌కార్బజెపైన్, ఫెనిటాయిన్, ఫినోబార్బిటాల్, లామోట్రిజిన్ నాకు ఇవ్వొద్దు. స్పృహ లేకుండా దొరికినా ఫెనిటాయిన్ సూది వేయొద్దు. ఇప్పుడు లెవెటిరాసెటమ్ 500 రోజుకు రెండు వేసుకుంటున్నాను. మా అక్కకు ఫోన్ చేయండి."